అడిగితే అలుసా?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి అడిగినవాళ్లను అలుసుగా చూసే చోట కొత్తవాళ్లు నోరెలా విప్పుతారు?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, మా జవహర్‌నగర్ చుట్టుపక్కల వీధికి నలుగురైనా కంప్యూటర్ కోర్సులు చదివేవాళ్లు కనిపిస్తారు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఉప్పల్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగడం వీళ్లకి తేలికయింది. అయితే కోచింగ్‌లో నేర్చుకునేది సగమే. రాత్రి ఇంట్లో కూర్చున్నాక ప్రోగ్రాం నడవకపోతే, ఎక్కడో ఉన్న అనుభవజ్ఞుల్ని ఇంటర్నెట్‌లో అడిగి తెలుసుకోవలసిందే. నేను ప్రోగ్రాములు రాసేదాన్ని కాదు. అయినా అడగడం, చెప్పడం అనేవి వంటింటి దగ్గర్నుంచి అందరికీ తెలిసిన వ్యవహారాలే కదా!

ప్రోగ్రామర్లు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకోవడానికి 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో మొదలైంది. పైసా తీసుకోకుండా లక్షలాది ప్రశ్నలకు జవాబులు చెప్పారు అక్కడివాళ్లు. అది చిన్న సాయం కాదు. కానీ ప్రశ్న సరిగా లేకపోతే మైనస్ ఓట్లు, ఇదివరకే ఎవరో అడిగిందైతే మూసివేత, వీటికి తోడు వెటకారాలు! 2018 ఏప్రిల్లో ఆ సంస్థే బాహాటంగా ఒప్పుకుంది, కొత్తవాళ్లకీ ఆడవాళ్లకీ తెల్లజాతివారు కానివాళ్లకీ తమ దగ్గర ఆదరణ కనిపించడం లేదని. ఆ ఏడే ప్రవర్తనా నియమాలు రాసుకుంది. కొత్తగా వచ్చినవారి ప్రశ్న దగ్గర ఆ సంగతి తెలిపే గుర్తు కూడా పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన నోటిదురుసుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అంతటివాడే మాట తీరు మార్చుకోవాలనుకున్నప్పుడు మిగతావాళ్లకేమిటి నామోషీ?

ఇందులో ఎక్కువ నష్టపోతున్నది ఆడవాళ్లే. పెళ్లి, పురుడు, పిల్లల పెంపకం అంటూ ఉద్యోగం మాని, ఏడెనిమిదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టే అమ్మాయి సగం ధైర్యంతోనే వస్తుంది. ‘ఇంతమాత్రం తెలీదా?’ అన్న ఒక్క మాట చాలు, ఆ సగమూ పోవడానికి. కాపురానికొచ్చిన మొదటి రోజే పోపు పెట్టడం రాదని దెప్పితే కోడలు ఆ వంటింట్లో ఇంకేం నేర్చుకుంటుంది? “అక్కా, నా పేరు చూసి ఏమంటారోనని మగపేరుతో అడుగుతున్నా” అంది మా వీధిలో ఒకమ్మాయి. ఎంత బాధాకరం!

‘ఆడవాళ్లకి ఇందులో ఆసక్తి తక్కువ’ అనేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 2006లో గూగుల్ వారి వేసవి కార్యక్రమం కింద గ్నోమ్ అనే సాఫ్ట్‌వేర్ బృందానికి 181 దరఖాస్తులొస్తే, ఒక్కటీ ఆడపిల్లది కాదు. వాళ్లు ఊరుకోకుండా అమ్మాయిల్ని ప్రత్యేకంగా పిలుస్తూ వేరే కార్యక్రమం ప్రకటించారు. వందదాకా దరఖాస్తులొచ్చాయి! ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై, నేర్చుకునేవారికి భృతి ఇచ్చి, అనుభవజ్ఞుల్ని తోడు పెట్టే ‘అవుట్‌రీచీ’ అయింది. పిలిస్తే వస్తారన్నమాట.

అలాగని పెద్దల్నే తప్పుపడితే న్యాయం కాదు. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఊరికే చెప్పేవాళ్లు వాళ్లు. ‘నా ప్రోగ్రాం పనిచేయడం లేదు, అర్జెంటు’ అని ఒక్క ముక్క రాసి కూర్చుంటే ఎవరికి విసుగు రాదు? డాక్టరు దగ్గరకెళ్లి ‘బాగోలేదు’ అని ఊరుకుంటామా? ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, ఏం మందు వేసుకున్నాం, అన్నీ చెప్తాం. ఇక్కడా అంతే. ఏం చేద్దామనుకున్నారో, ఏం రాశారో, కంప్యూటర్ ఏ తప్పు చూపించిందో వివరంగా రాయండి. పని అయ్యాక ‘ఇలా చేస్తే కుదిరింది’ అని చెప్పి వెళ్లండి. తర్వాత వచ్చేవారికి అది దారి చూపిస్తుంది.

పెద్దలకూ ఓ మనవి. ప్రశ్నలో లోపముంటే ప్రశ్నను దిద్దండి, మనిషిని కించపరచకండి. మూసేసేముందు జవాబు ఎక్కడుందో చూపించండి. విసుగ్గా ఉంటే ఆ పూటకి వదిలేయండి, ఇంకొకరు చెప్తారు. కొత్తవాళ్లు తప్పులు చేసి నేర్చుకోవడానికి కొంచెం చోటు కూడా ఉండాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందుకే ‘ప్రయోగశాల’ ఉంది, అందరూ మాట్లాడుకోవడానికి ‘రచ్చబండ’ ఉంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, యంత్రం విసుక్కోదు కదా, మనుషుల్ని అడగడమెందుకంటున్నారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలూ బాగా తగ్గిపోయాయి. కానీ నలుగురిలో అడిగి చెప్పుకున్న మాటల నుంచే కదా ఆ యంత్రమూ చాలా నేర్చుకుంది! గదిలో ఒంటరిగా దాన్ని అడిగి తెలుసుకున్నది పక్కవాళ్లకి అందదు. అది తప్పు చెబితే ‘కాదమ్మా’ అని దిద్దే నాలుగో మనిషీ ఉండదు. ఫలానా చోట ఉద్యోగం ఖాళీ ఉందన్న కబురు అందేదీ మనుషుల పరిచయాల వల్లే.

పని తెలిసిన అన్నల్లారా, అక్కల్లారా! ఈ వారం ఒక్క కొత్తవారి ప్రశ్నకు ఓపిగ్గా జవాబు రాయండి. అమ్మాయిలూ! మీ పేరుతోనే అడగండి.