‘ప్రార్థన చేస్తాం’ అన్నాక ఏం చేస్తాం?



మన సంఘాల్లో ఈ మధ్య ఒక మాట బాగా తేలికైపోయింది. కౌలుకు చేసిన చేను దెబ్బతిన్నదని ఒక సహోదరుడు చెబితే "ప్రార్థన చేస్తాం బ్రదర్" అంటారు. గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాలి, తోడు ఎవరూ లేరని ఒక తల్లి చెబితే "ప్రార్థన చేస్తాం అమ్మా" అంటారు. మాట మంచిదే. కానీ చాలామంది దాన్ని తలుపు గడియలాగా వాడుతున్నారు. ఆ మాట అనేసి లోపలికి వెళ్లిపోతున్నారు.

దీని గురించి మేము గట్టిగా మాట్లాడితే "పాస్టరు గారూ, రక్షణ కృప వలన కదా, క్రియల వలన కాదు కదా" అని అడ్డు చెబుతారు. నిజమే, మేము ప్రకటించేదీ అదే. అయితే ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఆ సంగతి చెప్పిన పౌలు, పదో వచనానికి వచ్చేసరికి దేవుడు మనలను సత్క్రియల కోసమే చేశాడంటాడు. ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠస్థం చేసి, పదో వచనం దగ్గర బైబిలు మూసేస్తే ఎలా?

ఇంకొందరు సాయం చేస్తారు, కానీ ఫ్లెక్సీ కట్టి, ఫోటో దిగి చేస్తారు. లేదా మన సంఘానికి వచ్చేవాళ్లకే చేస్తారు. వీళ్లకు మన ఒంగోలు చరిత్రే జవాబు చెబుతుంది.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర గారు కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికాయి. అక్కడికి వచ్చినవాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఆపేశారు. ఇక సాయం లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్యను కూటాల్లో గొప్పగా చెప్పుకుంటారు. దానికి ముందున్న పలుగు, పార, మట్టి తట్టల సంగతి చెప్పరు. ఆయన ముందు పని చూపించారు, దానికి బదులుగా విశ్వాసాన్ని అడగలేదు. మనం నేర్చుకోవలసింది అదే.

ఇప్పుడు తవ్వడానికి కాలువ లేదు గానీ, చేయడానికి పనుంది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది, ఆ సాయంత్రమే గృహకూటం ఉంది అనుకోండి. కూటం అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు, ముందు వెళ్లి పట్టలు కప్పండి. అది ఎవరి కల్లమో, వాళ్లు ఏ దేవునికి మొక్కుతారో అడగకండి. తడిసిన కాయ రంగు మారుతుంది, బూజు పడుతుంది, యార్డులో ధర పడిపోతుంది. ఏడాది కౌలు, పురుగుమందుల అప్పు ఆ కల్లంలోనే ఉన్నాయి.

కర్నూలు పడమటి పల్లెల నుండి మిరపకోతలకు వచ్చే కుటుంబాలు చేల దగ్గరే గుడారాలు వేసుకుంటాయి. వాళ్ల పిల్లకు రాత్రి జ్వరం వస్తే ఎవరి బండి కదలాలి? చదువు రాని వితంతువుకు పింఛను కాగితం ఎవరు నింపాలి? వీటికి కమిటీ తీర్మానం అక్కరలేదు, చందా పుస్తకం అక్కరలేదు. ఆకలితో, చలితో నిలబడ్డవాడిని మంచి మాటలతో సాగనంపేవాళ్లను యాకోబు అందుకే నిలదీశాడు.

కాబట్టి ఈ ఆదివారం నుండి ఒక పని చేద్దాం. ప్రార్థన మనవులు రాసే పుస్తకంలో ప్రతి మనవి పక్కన, వాళ్ల ఇంటికి ఎవరు వెళ్తారో ఒక పేరు కూడా రాద్దాం. ఏ పేరూ లేని మనవి కనబడితే, ఆమెన్ చెప్పే ముందు కాసేపు ఆగుదాం. ఎవరో ఒకరు చేయి ఎత్తేవరకు ఆగుదాం.

ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక.