బుజుర్గులకు కాస్త పని చెప్పండి



రావివలస అంటే అందరికీ ఎండల మల్లన్నే గుర్తుకొస్తాడు. నాకు మాత్రం మా ఖాలూ కుట్టుమిషన్ చప్పుడు గుర్తుకొస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఈద్‌కైనా, సంక్రాంతికైనా, షాదీకైనా ఖాలూ కుట్టిన బట్టలే. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. కొడుకు సౌదీలో ఉన్నాడు, ఇక్కడ ఒక ఆయాని పెట్టాడు. వేళకి నాష్తా, వేళకి దవా, ఉతికిన దుప్పటి. మాషా అల్లాహ్, ఏ లోటూ చెయ్యలేదు.

మొన్న టెక్కలి పని మీద వెళ్లి, అటే వెళ్లి పలకరించాను.

"ఏం చేస్తున్నారు ఖాలూ?"

"ఏటి సేస్తాను బేటా, కూకున్నాను."

మిషన్ మూలనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద మందుల డబ్బా పెట్టారు.

మనవాళ్లు వృద్ధాశ్రమం అన్న మాట వింటేనే తౌబా తౌబా అంటారు. అమ్మీఅబ్బాలను ఇంట్లోనే ఉంచుకున్నామని ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. మంచిదే. కానీ ఇంట్లో ఓ గది, ఓ మంచం, ఓ టీవీ ఇచ్చి, ఫజ్ర్ నుంచి ఇషా దాకా వాళ్లకి చేయడానికి ఏమీ లేకుండా చేస్తే, అది ఒక్కరే ఉండే వృద్ధాశ్రమం కాదా? ఆశ్రమంలో కనీసం పక్క మంచం మీద మాట్లాడ్డానికి ఒక మనిషైనా ఉంటారు. కోపం తెచ్చుకోకండి, మా ఇంటిని కూడా కలిపే అంటున్నాను.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. ప్రభుత్వ ఆశ్రమాల గురించి చెప్పే 19వ సెక్షన్‌లో వైద్యంతో పాటు వినోదం అన్న మాట కూడా ఉంది. వినోదం అంటే మన దగ్గర టీవీయే. నేను చూసిన ఒక ఆశ్రమంలో హాల్లో సీరియల్ మోగుతోంది, నలుగురు అమ్మలు గోడ వైపు చూస్తున్నారు. ఆ సీరియల్ పెట్టమని వాళ్లెవరూ అడగలేదు.

అసలు సంగతి ఆ అడగడంలోనే ఉంది. 1976లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక వృద్ధుల నివాసంలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి చెరో మొక్క ఇచ్చి, నీళ్లు మీరే పోసుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి అన్నారు. మిగతావాళ్లకీ మొక్క ఇచ్చారు, సినిమా వేశారు, కాకపోతే అన్నీ సిబ్బందే చూసుకున్నారు. కొన్ని వారాల్లోనే మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా కనిపించారు. మొక్క రెండువైపులా ఉంది, ఇఖ్తియార్ ఒకవైపే ఉంది.

కాబట్టి ఆశ్రమమైనా, ఇల్లైనా, ముందు మనిషిని అడగాలి. ఎన్నింటికి లేచేవారు? ఏ పని చేసేవారు? ఎవరితో కూర్చునేవారు? పలాసలో ఉమ్రంతా జీడిపప్పు పొట్టు తీసిన నానీకి రంగుల పుస్తకం ఇచ్చి దిద్దమంటే ఏం బాగుంటుంది? ఓ పళ్లెంలో పప్పు పోసి, బద్ద వేరు, గుండు వేరు చేయమనండి. గింజలు మాత్రం ఇవ్వకండి, జీడి నూనె చేతులు కాలుస్తుంది. కొబ్బరితోటలో బతికిన చాచాకి నాలుగు కమ్మలు ఇస్తే ఈనెలు తీసి చీపురు కట్టేస్తారు. అవసరం లేదు, కొనుక్కుంటాం అనకండి. ఆ చీపురుతోనే ఊడవండి.

ఉద్దానంలో ఇంకో ముష్కిల్ ఉంది, కిడ్నీ జబ్బు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కానీ డయాలసిస్ మీద ఉన్న మనిషికి వారంలో రెండు మూడు రోజులు, రోజుకి నాలుగేసి గంటలు మిషన్ దగ్గరే పోతాయి. ఆ రోజు ఒళ్లు హూనమైపోతుంది, తిలావత్ వింటే చాలు. మస్జిద్‌కి నడిపించడం, దోస్తుల ఇంటికి తీసుకెళ్లడం మధ్య రోజుల్లో పెట్టుకోవాలి. కొబ్బరిచెట్ల మధ్య పుట్టిన మనిషికి కొబ్బరినీళ్లు వద్దంటారు, పొటాషియం ఎక్కువ కాబట్టి. ఇఫ్తార్‌కి ఖజూర్ సంగతి కూడా అంతే, డాక్టర్ని అడక్కుండా పెట్టకూడదు.

అసలు రంజాన్‌లోనే బుజుర్గుల మనసు ఎక్కువ విరుగుతుంది. రోజా ఉండే తాఖత్ లేదు, వాళ్ల పేరున పిల్లలు ఫిద్యా ఇచ్చేస్తారు, ఆయన గదిలో ఒక్కడే భోంచేస్తాడు. సహరీకి అందర్నీ లేపే బాధ్యత ఆయనకే ఇవ్వండి. ఎలాగూ ఆ వయసులో నిద్ర పట్టదు. వేళలు చూసి చెప్పడం, దస్తర్‌ఖాన్ పరిపించడం, పక్కింటికి ఏం పంపాలో తేల్చడం ఆయన పని. సజ్దా చేయలేకపోతే కుర్సీ వేయండి, ఆ కుర్సీ సఫ్‌లోనే ఉండాలి.

మళ్లీ ఖాలూ దగ్గరికి వస్తాను. ఆ రోజు నా చొక్కా గుండీ వదులుగా ఉందని చూపించాను. సూదిలో దారం ఎక్కించడం ఆయన వల్ల కాలేదు, నేనే ఎక్కించి ఇచ్చాను. చేతులు వణుకుతున్నాయి, కుట్టు మాత్రం వంకర పోలేదు. పళ్లతో దారం తెంపి, చొక్కా వెలుతురులో పట్టుకుని, "ఈ కాజా ఏ గాడిద కుట్టాడ్రా?" అన్నారు. ఆయా పకపకా నవ్వి లోపలికెళ్లి, హుక్కులు ఊడిన జాకెట్లు రెండు పట్టుకొచ్చింది.