ఆ అంకె అర్థం రోగికి చెప్పరా?

మన బస్తీలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో బాధపడుతున్న పెద్దలను అడిగి చూడండి. షుగర్ ఎంతో చెబుతారు, బీపీ ఎంతో చెబుతారు. కిడ్నీ సంగతి అడిగితే ‘కొంచెం ఖరాబైందట’ అంటారు. వారి చేతిలోని రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అన్న అంకె అచ్చయి ఉంటుంది. దాని అర్థం వారికి ఎవరూ చెప్పి ఉండరు.

మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల చొప్పున వడకడుతున్నాయో తెలిపే అంచనా అది. మూడు నెలలకు పైగా 60కి లోబడి ఉంటే వ్యాధి ఉన్నట్టే. 15 కంటే తగ్గితే కిడ్నీలు చేతులెత్తేసే దశ. క్రియాటినిన్ ఒక్కటే చూసి ధైర్యపడరాదు. దాదాపు సగం సామర్థ్యం పోయేదాకా అది మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు. ఐదు నిమిషాల మాట ఇది.

ఆ ఐదు నిమిషాలు అడిగితే ‘వాళ్లకు అర్థం కాదు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇది తీరిక లేకపోవడం కాదు, చిన్నచూపు. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కునే తల్లికి, అది కిడ్నీకి చేటని చెబితే అర్థం కాదా? రోగికి తెలిసిన భాషలో వివరించాలని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రమే చెబుతోంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు నామఫలకాల వరకేనా? (ఉర్దూ చదవలేని ముస్లింలూ ఎందరో ఉన్నారు, వారికి తెలుగులోనే కావాలి.)

రంజాన్ వస్తే ఈ అజ్ఞానం ప్రాణం మీదికి తెస్తుంది. రోగికి ఖుర్ఆన్ ఉపవాసం నుంచి సడలింపు ఇచ్చింది. తన కిడ్నీ ఏ దశలో ఉందో తెలియని మనిషి ఆ సడలింపు తనకు వర్తిస్తుందో లేదో ఎలా తేల్చుకుంటాడు? వ్యాధి ముదిరినవారు మొండిగా రోజా పాటించి ఆసుపత్రి పాలవుతారు. వైద్యుని సలహాతో పాటించగలిగినవారు భయంతో మానేస్తారు.

మనమూ నిర్దోషులం కాము. డయాలసిస్ రోగులకు చందాలు పోగుచేస్తాం; వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడిన మనిషిని ఆదుకోవడం సవాబే. కాని అతని అంకె ఇంకా 50 దగ్గర ఉన్ననాడు, జుమా తర్వాత మస్జిద్‌లో ఒక వైద్యుని చేత పది నిమిషాలు మాట్లాడించామా? షాబాన్ నెలలోనైనా ఆ పని చేయాలి. ప్రభుత్వ ఆసుపత్రికి వినతిపత్రం ఇచ్చేటప్పుడు డయాలసిస్ యంత్రాలు అడగండి. వాటితోపాటు ప్రతి రిపోర్టు వెనుక రోగి చదవగల భాషలో నాలుగు వాక్యాలు అచ్చువేయమని కూడా అడగండి.