గీతలు పడ్డ గాజు తొట్టి కొనవచ్చునా?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడో తరగతి చదువుతున్న ఒక అబ్బాయిది. అతనికి చేపలు పెంచాలని చాలా కాలంగా కోరిక. పక్క వీధిలో ఎవరో ఇల్లు మారుతూ, తమ అక్వేరియాన్ని కొత్తదాని వెలలో మూడో వంతుకే ఇస్తామన్నారట. తీరా వెళ్ళి చూస్తే అద్దం నిండా గీతలు! "నాన్నగారు వద్దంటున్నారు. అమ్మ ఆలోచించుకోమంటున్నది. ఏం చెయ్యమంటారు, మాస్టారూ?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. గీతలున్నంత మాత్రాన తొట్టి పనికిరాదనుకోనక్కరలేదు. అలాగని, చవకగా వస్తున్నది గదా అని కళ్ళు మూసుకుని కొనకూడదు. గీత ఎంత లోతుగా ఉన్నది, అద్దానికి ఏ వైపున ఉన్నది—ఈ రెండూ తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

అసలు గాజు మీద గీత ఎలా పడుతుంది? ఏ వస్తువు గట్టిదో అది మెత్తని దాన్ని గీరుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మోస్ 1812లో ఖనిజాలను వాటి గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 10 దాకా వరస పెట్టాడు. ఆ వరసలో మన గోరు సుమారు 2.5, మామూలు గాజు సుమారు 5.5, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. అంచేత గోటితో గాజును గీరలేము. కాని ఒక్క ఇసుక రేణువు గీరగలదు! తొట్టి తోమేటప్పుడు గుడ్డకు ఇసుక అంటుకుని ఉంటే అద్దం మీద సన్నని గీతలు పడతాయి. పాత తొట్టెలలో కనిపించే గీతలు చాలా వరకు ఇటువంటివే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాము. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టిని నిండా నింపితే 54 లీటర్లు పడతాయి. లీటరు నీళ్ళ బరువు ఒక కిలో గనక, అది 54 కిలోలు. ఆ నీరు కింది పలకనే గాక, పక్క అద్దాలను కూడా బయటికి తోస్తుంది. పైన పీడనం ఏమీ ఉండదు, అడుగున ఎక్కువ. సగటున 15 సెంటీమీటర్ల లోతున ఉండే పీడనం అనుకోవచ్చు. ఆ లెక్కన ముందు అద్దం ఒక్కదాని మీదనే 27 కిలోల తోపు! రాత్రీ పగలూ ఆ తోపు ఆగదు. అద్దం మన కంటికి తెలియనంతగా బయటికి వంగి ఉంటుంది.

వంగితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే, పెన్సిలు రాతలు చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. పెద్దవాళ్ళ చేత దాని మీద సన్నని గాటు పెట్టించండి. గాటు ఉన్న వైపు ఉబ్బేట్టుగా వంచితే గాటు నోరు తెరుస్తుంది. ఇటు తిప్పి వంచితే మూసుకుంటుంది. తొట్టి అద్దమూ అంతే. అద్దం నడిమి భాగాన బయటి వైపున ఉన్న లోతైన గీతను నీటి తోపు తెరవజూస్తుంది. అందుకే లోపలి గీతకన్న బయటి గీత ఎక్కువ అనుమానించదగినది.

అద్దాలు కోసేవాణ్ణి మీరు చూసే ఉంటారు. అతను గాజును రంపంతో కొయ్యడు. గట్టి మొనతో ఒక్క గీత గీసి, వంచుతాడు. గాజు సరిగ్గా ఆ గీత వెంబడే విరుగుతుంది! గీత కొస దగ్గర బలమంతా పోగుపడటమే దీనికి కారణం. పగులు ఎంత లోతైతే గాజు అంత తేలికగా విరుగుతుందని గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1921లో అచ్చయిన వ్యాసంలో లెక్కకట్టి చూపాడు.

మరి తొట్టిని ఎలా పరీక్షించాలి? అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని పగటి వెలుతురులో వెళ్ళండి. మొదట తొట్టిని ఖాళీగా, పొడిగా చూడాలి. ఎందుకంటే నీళ్ళు గీతలను దాచేస్తాయి. వెలుగు గాజులోంచి గాలిలోకి పోయేటప్పుడు బాగా వంగుతుంది; గాజులోంచి నీటిలోకి పోయేటప్పుడు కొంచెమే వంగుతుంది. అంచేత లోపలి గీతలోకి నీరు చేరితే గీత కంటికి మాసిపోతుంది. చూడటానికి అది మేలే, కాని గీత ఎక్కడికీ పోలేదని మరవకండి!

తరవాత గీతకు అడ్డంగా గోరు నడిపించండి. గోరు జారిపోతే అది పైపై గీత, భయపడనక్కరలేదు. గోరు టక్కున తట్టుకుంటే లోతైనది. అటువంటి తొట్టిలో నీళ్ళు నింపే ఆలోచన మానుకోండి. అంచుల మీద మాత్రం వేలు పెట్టకండి, తెగుతుంది. అంచులను కంటితోనే చూడండి. అక్కడ పెచ్చు ఊడినా, పగులు కనిపించినా ఆ తొట్టి వద్దు.

ఇక మూలలు. అద్దాలను కలిపి పట్టుకునేది సిలికోన్ అనే రబ్బరు వంటి బంక. అది ఎక్కడా ఊడకుండా, అద్దానికి అంటుకుని ఉండాలి. అన్నీ బాగుంటే తొట్టిని చదునైన చోట, కింద పాత వార్తాపత్రికలు పరచి, నిండా నింపి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచమని అడగండి. కాగితం తడిస్తే కారుతున్నట్టే. నిండిన తొట్టిని మాత్రం ఎన్నడూ ఎత్తకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఒక రోజు కారలేదు గనక లోతైన గీతకు కూడా భయం లేదనుకోకండి. తోపుకు గురి అయిన గాజులో, తేమ సాయంతో, పగులు చాలా నెమ్మదిగా పెరగవచ్చు. నీళ్ళ పరీక్ష చెప్పేది మూలల సంగతే; గీత సంగతి చెప్పేది గోరే.

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు అడిగినప్పుడు వద్దని ఒక్క మాటలో తేల్చివేయకండి, వాడితో కలిసి వెళ్ళి చూడండి. అలాగే, వాడు ముచ్చట పడుతున్నాడని గోరు తట్టుకునే గీతను చూసీ చూడనట్టు వదలకండి. అర్ధరాత్రి అద్దం విరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు. 54 లీటర్ల నీళ్ళు నేల మీద, అందులో గాజు పెంకులు, పక్కనే పంపు తాలూకు కరెంటు తీగ! చేపల గతి చెప్పనే అక్కరలేదు. అవి తమ ఇల్లు తాము ఎంచుకోలేవు గదా. వాటి కోసం ఎంచవలసింది మనమే.

లోతు గీత ఉన్న తొట్టి పూర్తిగా వృథా అనుకోకండి. నీళ్ళు పొయ్యకపోతే ఆ తోపే ఉండదు. పగులు, పెచ్చు లేకపోతే, అడుగున కొంచెం మట్టి వేసి చిన్న మొక్కలు పెంచవచ్చు. లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్ 1829 ప్రాంతంలో మూసిన గాజు సీసాలో మొక్క బతకటం గమనించి, గాజు పెట్టెలలో మొక్కలు పెంచే పద్ధతికి దారి చూపాడు. తొట్టి మొక్కలకేనని చెప్పి, తక్కువ ధరకు మర్యాదగా అడగండి.

కొనకపోయినా, మీరు చూసిన లోపాన్ని అమ్మేవారికి చెప్పి రండి. వారికి అది తెలియకపోవచ్చు. తరవాత వచ్చేవారికి మేలు జరుగుతుంది. రేపు మీ తొట్టి మీరు అమ్మేటప్పుడు కూడా, అడగకముందే గీతలు చూపించండి.

ఇక మీకొక లెక్క. పైన చెప్పిన తొట్టి పొడవు అంతే ఉండి, ఎత్తు మాత్రం 30కి బదులు 45 సెంటీమీటర్లయితే ముందు అద్దం మీద తోపు ఎంత? ఎత్తు ఒకటిన్నర రెట్లయింది గనక తోపు కూడా ఒకటిన్నర రెట్లే అనుకుంటే తప్పు. 60 కిలోల 750 గ్రాములు వచ్చిందా? వస్తే మీ లెక్క ఒప్పు!