ఏ బాడీ అసలు బాడీ?

మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగి. స్కూలు లేని రోజు క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్తే, గేటు పక్కన కొత్త ఛాసిస్‌లు వరసగా నిలబడి ఉండేవి. క్యాబిన్ ఉండదు, తలుపుండదు, తొట్టి ఉండదు. రెండు పొడుగాటి ఇనప దూలాలు, ముందు ఇంజను, ఒక స్టీరింగు, కూర్చోవడానికి ఓ చెక్కపెట్టె. మొహానికి తువ్వాలు చుట్టుకుని వాటిని ఫ్యాక్టరీ నుంచి తోలుకొచ్చిన డ్రైవర్లు కనుబొమ్మల దాకా దుమ్ముతో దిగేవాళ్లు. కొన్ని వారాలు తిరిగేసరికి అదే ఛాసిస్ మీద బాడీ లేచి, రంగులు పడి, వెనక నెమళ్లు, ముందు అమ్మవారి పేరు. పదేళ్లకి అదే లారీ మళ్లీ వచ్చేది. చెక్క చివికిపోయిందనో, కల్వర్టుకి కొట్టిందనో పాతబాడీ పీకించి కొత్తది కట్టించుకునేవాళ్లు.

"ఇది కొత్త లారీయా పాత లారీయా, నాన్నా?" అని ఒకసారి అడిగాను. ఉలి ఆపకుండానే, "ఆర్సీ బుక్కులో ఏముందో చూడు" అన్నాడు.

తర్వాత ముప్పయ్యేళ్లకు పైగా నేను చేసిన పని అదే. మోటారు ఇన్సూరెన్సు సర్వేయర్‌గా ఆర్సీ చూడటం, బండి చూడటం, ఆ రెంటికీ పొత్తు కుదిరిందో లేదో రాయడం. మామూలు బండికి లెక్క సులువు. ఆర్నెల్లకి అయిదు శాతం, ఏడాదికి పదిహేను, అలా అయిదో ఏడుకి సగం తరుగు. అయిదేళ్లు దాటితే పట్టిక అయిపోతుంది. అక్కణ్ణుంచి కంపెనీ, బండి సొంతదారు కూర్చుని ఇద్దరికీ సమ్మతమైన విలువ రాసుకోవాలి. తొంభయ్యేళ్ల కారు విషయంలో ఆ "సమ్మతమైన విలువ" అనే రెండు మాటల వల్లే నాకు చాలాసార్లు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్‌రాయిస్ కంపెనీ కారు అమ్మలేదు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. ఆటోనగర్ గేటు దగ్గర నిలబడ్డ లారీలాగే ఛాసిస్, ఇంజను, రేడియేటరు ఇచ్చి పంపేది. కొన్నాయన దాన్ని లండన్‌లో బార్కర్ వాళ్ల దగ్గరికో, హూపర్ వాళ్ల దగ్గరికో తోలించి, తనకి కావలసిన బాడీ కట్టించుకోవాలి. వీళ్లు గుర్రపు బళ్ల కాలం నుంచి ఉన్న షాపులవాళ్లు. యాష్ అనే చెట్టు కర్రతో చట్రం కట్టి, దాని మీద చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకు తొడిగేవాళ్లు. మా నాన్న చూస్తే కర్ర తట్టి చూసి, ఈ సంధి బాగా కుదిరింది అనేవాడు. ఆ కంపెనీ తానే బాడీతో సహా బండి అమ్మడం, తన కిందే ఉన్న బెంట్లీ పేరు మీద, 1946లో మార్క్ సిక్స్‌తో మొదలైంది. రోల్స్ పేరు మీద అయితే 1949లో, సిల్వర్ డాన్‌తో.

ఇంజనుకేమో చావు లేదు, బాడీకేమో ఫ్యాషన్. 1925లో కట్టిన నిటారు డబ్బా 1935 నాటికి ముసలాడి కారులా కనిపించేది. డబ్బున్నవాడు ఛాసిస్ ఉంచుకుని పైదాన్ని మార్చేవాడు. ఆ తర్వాత రోజుల్లో పాత లిమోసిన్లు శవాల బళ్లయ్యాయి, అంబులెన్సులయ్యాయి, చెడిన బళ్లని లాక్కెళ్లే వ్యాన్లయ్యాయి. మన దేశంలో వీటికి తోడు చెదలు.

ఇప్పుడు 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన వింటేజ్ బళ్ల రూల్సు దగ్గరికి వద్దాం. యాభయ్యేళ్లు దాటిన బండికి రాష్ట్రం కోడ్ తర్వాత "వీఏ" అనే అక్షరాలతో వేరే నంబరు, ఇరవై వేల ఫీజు, పదేళ్ల రిజిస్ట్రేషను. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే రోడ్డెక్కాలి. ఇంతవరకు బాగుంది. చాన్నాళ్లుగా రావలసిన రూలే. కానీ అందులో ఒక షరతుంది: బండి తన అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ మార్పు జరిగి ఉండకూడదు. అంబాసిడర్‌కి, ఫియట్‌కి ఈ మాట సరిపోతుంది. వాటికి ఫ్యాక్టరీ ఇచ్చిన బాడీ ఉంది కాబట్టి. ఫ్యాక్టరీ బాడీయే ఇవ్వని కారుకి అసలు రూపం అంటే ఏది?

లాస్ ఏంజెలెస్‌లో పీటర్సన్ మ్యూజియం అని ఒక కార్ల మ్యూజియం ఉంది. అందులో జనం గుమిగూడే బండి ఒక 1925 రోల్స్‌రాయిస్ ఫాంటమ్ వన్. దాని మొదటి బాడీ హూపర్ వాళ్లు కట్టిన క్యాబ్రియోలే, అంటే పైకప్పు మడిచే రకం. డెట్రాయిట్‌లో ఒక ధనికురాలు ఆర్డరిచ్చి తీసుకోలేదు. అదే కారు మన దేశానికి వచ్చింది, నాన్‌పారా రాజావారి దగ్గరికి. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో బహ్రాయిచ్ పక్క ఊరు. అక్కణ్ణుంచి మళ్లీ చేతులు మారి బెల్జియం చేరితే, 1934లో యాంకీర్ అనే బాడీ కంపెనీ హూపర్ పనితనాన్ని పీకేసి కొత్తది తొడిగింది. పూర్ణచంద్రుడి లాంటి గుండ్రటి తలుపులు, వెనక చేప రెక్కలా నిలువు తోక, ఓడంత పొడుగు. 1936లో కాన్ నగరంలో అందాల పోటీలో గెలిచింది. తర్వాత అమెరికాలో శిథిలమై పడి ఉంటే ఒకాయన కొని, బంగారు పూత పూయించి డబ్బులకి చూపించాడు. ఇప్పుడు నల్లరంగులో మెరుస్తోంది.

మన రూలు పుస్తకం పట్టుకుని దీని ముందు నిలబడితే ఏం రాయాలి? బాడీ మారింది, కాబట్టి వింటేజ్ కాదు అనాలి. ఆ గుండ్రటి తలుపులు తీసేసి, హూపర్ వాళ్ల క్యాబ్రియోలేకి నకలు కట్టిస్తే అసలు రూపానికి దగ్గరపడింది అనాలి. లోకంలో ఏ పిచ్చివాడూ ఆ పని చేయమనడు.

చందమామ చదివి పెరిగినవాళ్లకి బేతాళుడి ప్రశ్న ఒకటి గుర్తుండే ఉంటుంది. గుళ్లో తెగిపడ్డ రెండు తలల్ని ఆ ఇల్లాలు కంగారులో తారుమారు చేసి అతికిస్తుంది, ఇద్దరూ లేచి కూర్చుంటారు, ఎవరు భర్త? తల ఎవరిదైతే వాడే అంటాడు విక్రమార్కుడు. కారు విషయంలో ఆ జవాబు పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే కారుకి తల ఏదో ముందు తేలాలి. నన్నడిగితే ఛాసిస్ నంబరే తల. కానీ ఒట్టి తలని చూసి పెళ్లికి ఒప్పుకున్నవాళ్లు ఎవరూ లేరు కదా, ధర ఎప్పుడూ దేహానికే పలుకుతుంది. తగువంతా అక్కడే.

ఈ తగువు ఒకసారి లండన్ హైకోర్టుకి కూడా ఎక్కింది. ఓల్డ్ నంబర్ వన్ అని ఒక బెంట్లీ స్పీడ్ సిక్స్. ల మాన్ ఇరవై నాలుగ్గంటల రేసుని 1929లో, మళ్లీ 1930లో గెలిచింది. రెండుసార్లూ ఊల్ఫ్ బర్నాటో తోలినవాళ్లలో ఒకడు. 1932లో, అప్పటికే దానికి ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజను పడింది, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద క్లైవ్ డన్‌ఫీ దాన్ని తోలుతూ గట్టు దాటి పడి చనిపోయాడు. మిగిలినదాన్ని బాగుచేయించి పైకప్పున్న కూపే బాడీ కట్టించారు. తర్వాత అదీ మారింది. 1990లో ఒక కంపెనీ దీన్ని కోటి పౌండ్లకి కొంటానని ఒప్పుకుని, తీరా ఇది ఆ రేసు గెలిచిన కారు కాదు, అందులో 1929 నాటి ముక్క ఎంతని, అని వెనక్కి తగ్గింది. జస్టిస్ ఆటన్ ఆ కారు చరిత్ర అంతా విప్పి చూసి, ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పిచ్చాడు. మారుతూ వచ్చింది గానీ మధ్యలో ఎక్కడా తెగిపోలేదు, ఆ పేరు నాది అని వచ్చే కారు ఇంకోటి లేదు. స్థూలంగా ఆయన తర్కం అది.

మా నాన్న చెప్పింది కూడా దాదాపు అదే. ఆయన ఫీజు తీసుకోలేదంతే.

ఇలా అంటున్నానని బాడీ మార్చినవాళ్లందరికీ వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. ఒక రకం మార్పు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేలంలో పైకప్పు లేని టూరర్‌కి పలికే ధర నాలుగు తలుపుల సెలూన్‌కి రాదు. అందుకని దశాబ్దాలుగా నిక్షేపంలాంటి సెలూన్ బాడీలు ఊడబీకి, బెంట్లీ ఛాసిస్ మీద వాండెన్ ప్లాస్ అనే బాడీ షాపువాళ్ల టూరర్‌కి నకలు కట్టి అమ్ముతున్నారు. కేటలాగులో "వాండెన్ ప్లాస్ స్టైల్" అని రాస్తారు. ఆ "స్టైల్" అనే ముక్క మన సంతలో "నెయ్యిలాంటిది" అనడం వంటిది. కొనేవాడు మీసాలు తుడుచుకునేలోపల సంతకం అయిపోతుంది. ఆ పారేసిన సెలూన్లలో కుటుంబాలు ప్రయాణం చేశాయి, పిల్లలు వెనక సీట్లో నిద్రపోయారు. రేసు కారులా కనిపించాలన్న మోజుకి అవి పొయ్యిలో కట్టెలయ్యాయి. నా చేతిలో ఉంటే అలాంటి బండికి ఛాసిస్ ధర కట్టి, బాడీకి ఈనాటి కూలీ, చెక్క, రేకు ఖర్చు కలిపి, అక్కడితో ఆపుతాను. 1930కి రావలసిన ధర, నిన్న కట్టినదానికి ఎందుకివ్వాలి?

కనిపెట్టడం ఎలా అంటారా. సర్వేకి వెళ్లినప్పుడు నేను ముందు రంగు చూడను. తలుపు తీసి, గడప మీద బాడీ కట్టినవాళ్ల ఇత్తడి బిళ్ల ఉందా, దాని చుట్టూ రంగు ఏ వయసుది అని చూస్తాను. తర్వాత తివాచీ ఎత్తి చెక్కకి బిగించిన స్క్రూలు చూస్తాను. 1920లలో ఇంగ్లండులో చెక్కపని చేసినవాడు ఒంటిగాటు స్క్రూ బిగించాడు. అక్కడ స్టార్ స్క్రూ కనిపించిందంటే, ఆ చోట ఇంకెవరో తర్వాత చెయ్యి పెట్టారని అర్థం. రోల్స్ అయితే ఒక సదుపాయం ఉంది: ప్రతి ఛాసిస్‌కీ ఫ్యాక్టరీలో ఒక కార్డు రాసేవాళ్లు, ఎవరు ఆర్డరిచ్చారు, బాడీ ఎవరికి పంపారు, అన్నీ. ఆ కార్డుల నకళ్లు ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లో ఉన్న ఔత్సాహికుల క్లబ్బు నుంచి తెప్పించుకోవచ్చు. ఫలానా కారు గురించి నిజాలు తెలియవు అని చెప్పేవాళ్లలో సగంమంది ఆ ఉత్తరం రాయనివాళ్లే.

అసలు రూపం చెక్కుచెదరకుండా ఉన్న కార్లు లేవని కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, అది వచ్చేలోపల 1911లో కన్నుమూశాడు. వెనక సింహాసనంలాంటి సీటుతో బార్కర్ వాళ్లు కట్టిన బాడీ. అది మొత్తం 356 మైళ్లే తిరిగిందని చెబుతారు. వందేళ్లలో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం కూడా చేరనంత. తిరగని కారుకి బాడీ మార్చవలసిన అవసరం ఏముంటుంది?

తిరిగిన కారు సంగతి చెబుతాను. కోస్తాలో ఒక పాత జమీందారీ ఇల్లు. 1930ల నాటి రోల్స్‌రాయిస్ 20/25, అంటే రాజుల ఫాంటమ్ కాదు, కంపెనీవాళ్ల చిన్న కారు. ముందు సగం మొదటి బాడీయే. వెనక సగం మాత్రం ఊళ్లో వడ్రంగి కట్టిన చెక్కపెట్టె, రెండు వైపులా బల్లలు. మనవడు నన్ను పక్కకి పిలిచాడు. "సార్, బాడీ మార్చినట్టు రాయొద్దు. వీఏ నంబరు రాదంటున్నారు. బొంబాయిలో ఒకాయన ఆ చెక్క పీకేసి టూరర్ కట్టిస్తానన్నాడు. అచ్చం పాతదానిలా ఉంటుందట, ఎవరూ కనిపెట్టలేరట. అయ్యాక వచ్చి చూడండి పోనీ."

ఈ రూలు చేస్తున్న అపకారం నాకు ఆ వాకిట్లో పూర్తిగా అర్థమైంది. డెబ్బయ్యేళ్ల కిందట మార్చి, ఆ సంగతి దాచని ఇంటివాళ్లకి నంబరు రాదేమోనని భయం. వచ్చే ఏడాది నకలు కట్టించి, బార్కర్‌దో హూపర్‌దో అని చెప్పుకునేవాడికి కాగితాలు నిక్షేపంగా వస్తాయి, ఎందుకంటే అది పాతదానిలా "కనిపిస్తుంది".

దీనికి పెద్ద మార్పేమీ అక్కర్లేదు. దరఖాస్తులో ఛాసిస్ నంబరు కింద ఇంకో వరస పెడితే చాలు: ఇప్పుడున్న బాడీ ఎవరు కట్టారు, ఏ ఏడు. బాడీ కూడా యాభయ్యేళ్లు దాటి ఉంటే, అది రెండోదైనా మూడోదైనా, వీఏ నంబరు ఇవ్వండి. యాభయ్యేళ్లు దాటకపోయినా ఇవ్వండి, కాకపోతే ఆర్సీ మీద బాడీ పుట్టిన ఏడు అచ్చు వేయండి. అబద్ధం రాసినట్టు తేలితే మాత్రం నంబరు తీసేయండి. ధర సంగతి తర్వాత దానంతటదే దారికొస్తుంది, ఆర్సీ మీద 2024 అని ఉన్న టూరర్‌కి ఎవడూ 1930 రేటు కట్టడు.

ఆ రోజు ఆ ఇంటి మామ్మగారు కుర్చీ వాకిట్లోకి వేయించుకుని వచ్చారు. మావగారు యుద్ధం అయిన కొత్తలో వెనక సీటు తీయించి ఆ చెక్కపెట్టె కట్టించారట. పిల్లలు ఎక్కువ, కారొక్కటి, పైగా కోతల రోజుల్లో ధాన్యం బస్తాలు. "నన్ను కాపరానికి తెచ్చింది ఆ బల్ల మీదే బాబూ. తీసేస్తే నేను దేన్లో వచ్చినట్టు?" అన్నారు.

నేను ఎడమ బల్ల ఎత్తి చూశాను. అడుగున పెన్సిలుతో అడుగులు, అంగుళాల లెక్కలు, పక్కన వంకరటింకరగా ఒక పేరు. మామ్మగారిని అడిగితే, "మా ఊరి వడ్రంగేనయ్యా, రామాలయం రథం కూడా ఆయనే చేశాడు" అన్నారు. ఫొటో తీసుకున్నాను. నా సర్వే ఫారంలో బాడీ తయారీదారు అని ఒక గడి ఉంది, మామూలుగా టాటా అనో మారుతీ అనో రాయడానికి సరిపోయేంత. ఆ పేరు అందులో పట్టలేదు. ఇంటిపేరు మార్జిన్‌లోకి పోయింది.