ఎమర్జెన్సీ: తేదీలే కాదు.. దారినీ చదవండి

యాప్రాల్‌ నుంచి సికింద్రాబాద్‌ మీదుగా అశోక్‌నగర్‌ కోచింగ్‌కు వెళ్తూ బస్సులో పాలిటీ నోట్స్‌ తిరగేస్తుంటారా? అయితే ఆర్టికల్‌ 352 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. 44వ సవరణ అందులో ‘అంతర్గత కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ పెట్టిందన్న బిట్టూ గుర్తుంటుంది. మరి ఆ మాట ఎందుకు మార్చాల్సి వచ్చింది?

జూన్‌ 25ను ‘సంవిధాన్‌ హత్యా దివస్‌’గా కేంద్రం 2024లో ప్రకటించాక ఈ అంశం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. పార్టీల వాదనలు వాళ్లకే వదిలేయండి. ఎన్నికలు, కోర్టులు, పత్రికలు అన్నీ ఉన్న దేశంలో అధికారమంతా ఒక్కరి చేతికి ఎలా చేరిందో చూడండి.

నియంత అనగానే ట్యాంకులు గుర్తొస్తాయి. 1975లో అవేమీ రాలేదు. జూన్‌ 12న అలహాబాద్‌ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. 25వ తేదీ రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్‌ అలీ అహ్మద్‌ ప్రకటనపై సంతకం పెట్టారు. కేబినెట్‌కు చెప్పింది మర్నాడు పొద్దున! లక్షమందికి పైగా నిర్బంధించారు. అందుకు వాడిన ‘మీసా’ చట్టం 1971 నుంచే ఉంది. 38వ సవరణతో ఎమర్జెన్సీ ప్రకటనను, 39తో ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పించారు. రెండూ పార్లమెంటు ఆమోదంతోనే. 1933 మార్చి 23న హిట్లర్‌కు చట్టాలు చేసే అధికారం ఇచ్చిందీ పార్లమెంటే, 444-94 ఓట్లతో. అలాగని ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి. ఇందిర 1977లో ఎన్నికలు పెట్టారు, ఓడి దిగిపోయారు.

మన దగ్గర అప్పుడు ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. 1975 జూలైలో మెదక్‌ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు చనిపోయారు. వారిలో సూరపనేని జనార్దన్‌ వరంగల్‌ ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) విద్యార్థి. మీ వయసువాడే. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. పట్టుకుని కాల్చి చంపారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది.

అప్పుడే కోర్టుకెళ్లి అడగొచ్చు కదా అంటారేమో. ఏడీఎం జబల్‌పూర్‌ కేసులో జస్టిస్‌ ఖన్నా సరిగ్గా అదే అడిగారు: పోలీసు అన్యాయంగా ప్రాణం తీస్తే? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దిక్కు లేదన్నారు అటార్నీ జనరల్‌ నిరేన్‌ డే. 1976 ఏప్రిల్‌ 28న సుప్రీంకోర్టు 4-1తో ప్రభుత్వం వైపే నిలిచింది. కాదన్న ఒక్కరూ ఖన్నాయే. తర్వాత ఆయన్ను పక్కనపెట్టి జూనియర్‌కు చీఫ్‌ జస్టిస్‌ పదవి ఇచ్చారు.

ఇప్పుడు 44వ సవరణ మళ్లీ తెరవండి. కేబినెట్‌ సలహా రాతపూర్వకంగా ఉండాలన్నది ఆ జూన్‌ రాత్రికి జవాబు. ఆర్టికల్‌ 20, 21లను నిలిపేయకూడదన్నది జబల్‌పూర్‌ తీర్పుకు జవాబు. ఇలా చదివితే బట్టీ అక్కర్లేదు.

ఒకటి మాత్రం గైడ్లలో పెద్దగా కనిపించదు. 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, ఆంధ్రప్రదేశ్‌ 42 సీట్లలో 41 ఆ పార్టీకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. బలవంతపు కుటుంబ నియంత్రణ దెబ్బ ఉత్తరాదికి తగిలినంతగా ఇక్కడ తగల్లేదు. సెన్సార్‌ వల్ల గిరాయిపల్లి లాంటివి చాలామందికి తెలియనూ లేదు. మెయిన్స్‌లో ఎమర్జెన్సీపై వ్యాసం వస్తే ఆ 41ని వదిలేయకండి.