దారి చూపే మనిషి కావాలి
మధురవాడలో కారు మాట్లాడుకుని భీమిలి దాకా ఒక రోజంతా తిరిగొద్దామనుకునేవాళ్లకు నాదొక్కటే మాట: డ్రైవర్‌తో పాటు విషయం తెలిసిన గైడునూ మాట్లాడుకోండి. ఆ డబ్బు దండగ కాదు. రుషికొండ దగ్గర అలలు, భీమిలి లైట్‌హౌస్ ఎవరూ చెప్పకపోయినా కనిపిస్తాయి. తొట్లకొండ అలా కాదు. 1976లో నేవీ సర్వేలో బయటపడిన ఈ బౌద్ధారామం, చెప్పేవాళ్లు లేకపోతే ఉత్త ఇటుక పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, అంతే. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయని, మధ్యధరా సముద్రం ఒడ్డున పుట్టిన వెండి ఈ కొండెక్కిందని ఆ తొట్టి అంచున నిలబెట్టి ఒకరు చెబితే, ఎదురుగా ఉన్న మన సముద్రాన్ని చూసే చూపే మారిపోతుంది. భీమిలి డచ్చి సమాధుల మీది అక్షరాలూ అంతే, చదివి చెప్పేవాళ్లుంటేనే. ఎర్రమట్టి దిబ్బల్లో అయితే గైడు మరీ అవసరం. ఎక్కడ అడుగేయకూడదో చెప్పాలి, ఆ అంచులు కాలు పడితే రాలిపోతాయి. ఇటలీలో గైడుకు లైసెన్సు ఉండాల్సిందే. మన మధురవాడ, కాపులుప్పాడ కుర్రాళ్లకూ ప్రభుత్వం అలాంటి శిక్షణ, బ్యాడ్జీ ఇచ్చి, తొట్లకొండ కిందే బోర్డు మీద రేటు రాసి పెట్టాలి.